నవల రాయడం అయింది, ఇక దిద్దే పని ఎవరికి అప్పగించాలి?

నవల చిత్తుప్రతి పూర్తయ్యాక వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు రచయితలు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే: "మంచి ఎడిటర్ ఎవరన్నా ఉన్నరా?" అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. నా నవలకు ఇప్పుడు ఏ రకం దిద్దుబాటు కావాలి? కథ నడక సరిచేయడం ఒక పని. వాక్యాన్నీ యాసనూ చూసుకోవడం ఇంకో పని. అక్షరదోషాలు ఏరడం మూడోది. ఈ మూడింటినీ మనం ఎడిటింగ్ అనే ఒక్క మాటలో కలిపేస్తాం. ఒకే మనిషికి, ఒకే విడతలో అప్పగిస్తాం. పని నచ్చక, ఇచ్చిన పైసలు దండగయ్యాయని బాధపడే రచయితల దగ్గర ఎక్కువసార్లు జరిగింది ఇదే.

నా సలహా ముందే చెప్పేస్తాను. కథ ఎలా నడుస్తుందో చూడమని మీ ఊరు తెలియని చదువరికి ఇవ్వండి. భాష చూడమని మీ ఊరు తెలిసిన మనిషికే ఇవ్వండి. అక్షరాలు చూసే పని డబ్బిచ్చి చేయించండి. వరస కూడా ఇదే ఉండాలి. కథ తేలకముందే ప్రూఫులు దిద్దించడం, పడగొట్టబోయే గోడకు సున్నం వేయడంలాంటిది. ఎందుకు ఇలా అంటున్నానో, ఏ చోట ఏది ఎంచుకుంటే మేలో కింద చెప్తాను.

అతుకులు వేయాలా, మొదటినుంచి తిరగరాయాలా

ఎవరికైనా ఇచ్చే ముందు రచయిత సొంతంగా చేసుకోవాల్సిన విడత ఒకటుంది. చిత్తుప్రతిని కొన్ని వారాలు పక్కన పెట్టి, తర్వాత చేతిలో పెన్ను లేకుండా మొత్తం ఒకసారి చదవండి. చదివాక ఒక నోటుబుక్కులో అధ్యాయానికి ఒక్క వరస రాయండి: ఈ అధ్యాయంలో ఎవరికి ఏం మారింది? ఆ వరసలో రాయడానికి ఏమీ దొరకని అధ్యాయాలు బయటపడతాయి. వాటిని తీసేయాలి, లేదా పక్క అధ్యాయంలో కలపాలి.

మన ప్రాంతపు నవలల్లో ఈ ఖాళీ వరసలు ఎక్కువగా మొదట్లోనే వస్తాయి. చెరువు, తూము, బొడ్రాయి, గడి, కచ్చీరు, ఊరి కులాల వరస, పంటలు, ఇవన్నీ మొదటి నలభై పేజీల్లో పరిచేస్తాం. రాసేవాడికి అది ప్రాణం. ఆ ఊరు ఇవాళ అట్లా లేదు కాబట్టి దాన్ని కాగితం మీదైనా నిలబెట్టాలన్న తపన నాకు బాగా అర్థమవుతుంది. కానీ చదివేవాళ్లకు ఆ చెరువు మీద ప్రేమ కలగాలంటే, ముందు ఆ చెరువు కట్ట మీద ఒక మనిషికి ఏదో జరగాలి. వర్ణన తీసేయనక్కర్లేదు. సంఘటన జరిగే చోటుకు దాన్ని జరపండి.

ఇక ఎంపిక. కథ చెప్పే మనిషి సరిగ్గా కుదిరి, మొదలూ ముగింపూ సరైన చోటే ఉండి, లోపాలు అక్కడక్కడా మాత్రమే ఉంటే అతుకులు చాలు. కథ చెప్పే మనిషి మారాలన్నా, కథ మొదలయ్యే చోటు మారాలన్నా తిరగరాత తప్పదు. 'అతను' అని నడిచిన నవలను 'నేను'లోకి మార్చాలంటే క్రియలు మారిస్తే సరిపోదు. ఆ మనిషికి తెలియని సంగతులన్నీ నవల నుంచి తీసేయాలి. అది అతుకులతో అయ్యే పని కాదు.

అతుకుల్లో ఉండే ప్రమాదం మిగిలిపోయే ముక్కలు. ఐదో అధ్యాయంలో తీసేసిన మేనమామ పదిహేడో అధ్యాయంలో చాయ్ తాగుతూ కనిపిస్తాడు. రెండేళ్ల కింద రాసిన వాక్యం పక్కన నిన్న రాసిన వాక్యం చేరి, ఇద్దరు మనుషులు రాసినట్టు ఉంటుంది. తిరగరాతలో ప్రమాదం వేరు. సమయం చాలా పోతుంది. మొదటిసారి రాసినప్పటి వేడి చల్లారే అవకాశమూ ఉంది.

ఈ రెండింటి మధ్య ఒక తొవ్వ ఉంది, నేను ఎక్కువ మందికి అదే చెప్తాను. పాత ప్రతిని ప్రింటు తీసి పక్కన పెట్టుకుని, కొత్త ఫైలులో మొదటినుంచి మళ్లీ టైపు చేయండి. బాగున్నది ఉన్నట్టే దిగుతుంది. బలహీనమైన వాక్యం దగ్గర వేళ్లే ఆగిపోతాయి. చేత్తో రాసి డీటీపీకి (కంప్యూటర్లో టైపు చేసి పేజీలు పెట్టేవాళ్లకు) ఇచ్చే అలవాటున్న పెద్దవాళ్లకు ఇది మరీ అవసరం. టైపు చేయడం రాకపోతే ఫోన్లో గూగుల్ వాయిస్ టైపింగ్ పెట్టుకుని నోటితో చెప్పినా సరే. సంభాషణలు నోటితో చెప్పినప్పుడు అసలు మాట్లాడే తీరు దిగుతుంది, అదొక లాభం. అది రాసే అక్షరాల్లో తప్పులుంటాయి, వాటిని తర్వాత సరిచేసుకోవచ్చు.

కోసేసిన ముక్కలను మాత్రం పారేయకండి. వేరే ఫైలులో దాచండి. దాచామన్న ధైర్యం ఉంటేనే కోయడానికి చెయ్యి వస్తుంది.

మొదట ఎవరితో చదివించాలి

మనకు దొరికే మొదటి చదువరులు మూడు రకాలు: ఇంట్లోవాళ్లు, సాహిత్య మిత్రులు, నవలలు ఇష్టంగా చదివే మామూలు పాఠకులు. ఇంట్లోవాళ్లు మీ నవలలో మిమ్మల్ని వెతుకుతారు, చుట్టాలను గుర్తుపడతారు. చుట్టాల గొడవ రాకుండా చూసుకోవడానికి వాళ్ల మాట పనికొస్తుంది, కథకు అంతగా పనికిరాదు. సాహిత్య మిత్రులు సాధారణంగా మొహమాటపడతారు. మన దగ్గర సభల్లో ఒకరికొకరు రోజూ ఎదురుపడే వాళ్లం. "బాగుంది, ముందుమాట రాస్తాను" అనడం సులువు, "నూరో పేజీ దగ్గర వదిలేశాను" అనడం కష్టం.

అందుకే మూడో రకాన్ని వెతకమంటాను. బ్యాంకులో పనిచేస్తూ రాత్రి నవల చదివి పడుకునే మనిషి, గ్రంథాలయంలో వరసగా పుస్తకాలు తీసుకుపోయే టీచరు, హాస్టల్లో ఉండి పోటీ పరీక్షలకు చదువుతూ మధ్యలో నవలలు చదివే పిల్ల. హనుమకొండలో 1904లో మొదలైన రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషానిలయం లాంటి గ్రంథాలయాలకు వచ్చేవాళ్లలో ఇలాంటి చదువరులు ఇప్పటికీ దొరుకుతారు. వాళ్లలో ఒక్కరైనా మీ జిల్లా బయటివాళ్లు ఉండేలా చూడండి. గుంటూరు వాళ్లైనా, అనంతపురం వాళ్లైనా సరే. మీ ఊరి మనిషి మీరు రాయనిది కూడా తన జ్ఞాపకం నుంచి నింపుకుని చదువుతాడు. బయటి మనిషికి కాగితం మీద ఉన్నదే దిక్కు. కథలో గుంట ఉంటే కాలు పడేది ఆ మనిషికే.

"ఎలా ఉంది?" అని అడగకండి. ఆ ప్రశ్నకు వచ్చే జవాబు "బాగుంది" ఒక్కటే. చదివే ముందే చెప్పండి: విసుగొచ్చిన చోట అడ్డగీత, అర్థం కాని చోట ప్రశ్న గుర్తు, ఒకరనుకుని ఇంకొకరని పొరబడిన చోట సున్నా. ఈ మూడు గుర్తులు చాలు. తర్వాత ఒకే ఒక్క ప్రశ్న అడగండి: పుస్తకం పక్కన పెట్టి మళ్లీ తీయడానికి ఎక్కువ రోజులు పట్టింది ఏ పేజీ దగ్గర? పరిష్కారాలు అడగకండి. చదువరి చూపిన నొప్పి నిజమే అయి ఉంటుంది, చెప్పే మందు మాత్రం చాలాసార్లు తప్పుతుంది. ఇద్దరు వేర్వేరు కారణాలు చెప్తూ ఒకే అధ్యాయం దగ్గర గుర్తు పెట్టారంటే, లోపం అంతకుముందు అధ్యాయంలో వెతకండి.

అందరికీ ఒకేసారి పంచిపెట్టకండి. ఒకరిద్దరిని దాచుకోండి. సరిచేసిన ప్రతిని మొదటిసారి చదివే కళ్లు అప్పుడు మళ్లీ కావాలి. ఇచ్చేటప్పుడు పీడీఎఫ్ వాట్సాప్‌లో పంపే బదులు కాగితం మీద ఇవ్వండి. హనుమకొండ చౌరస్తాలోనో, కేయూ క్రాస్ దగ్గరో ఏ జిరాక్స్ షాపులోనైనా స్పైరల్ బైండింగ్ చేసి ఇస్తారు. ఫోన్లో చదివేవాళ్లు గుర్తులు పెట్టరు, సగంలో ఏదో ఫోన్ వచ్చి ఆగిపోతారు.

పత్రికకు సీరియల్‌గా ఇవ్వడం, పోటీకి పంపడం కూడా ఒక రకం పరీక్షే కదా అని కొందరంటారు. పోటీ ఫలితం చెప్తుంది గానీ లోపం చెప్పదు. వెబ్ పత్రికలో సీరియల్‌గా వస్తే ప్రతి భాగం చివర పట్టు ఉందో లేదో తెలుస్తుంది, నిజమే. కానీ అచ్చయిన భాగాన్ని వెనక్కి వెళ్లి మార్చలేరు. పైగా చాలా పోటీలు ఎక్కడా ప్రచురణ కాని నవలే కావాలంటాయి, కాబట్టి ఆ తలుపు మూసుకుంటుంది. నవల తేలాకే ఈ రెండూ ఆలోచించండి.

భాష చూసే మనిషి: అసలు చిక్కు ఇక్కడ

ఉత్తర తెలంగాణ నవలకు దిద్దుబాటులో అన్నిటికంటే కష్టమైన ఎంపిక ఇదే. ఒక చిన్న ముక్క పక్కపక్కన పెట్టి చూపిస్తాను. రాతప్రతిలో ఇలా ఉందనుకోండి:

"ఏం బిడ్డా, పొద్దూకినంక ఎటు వోతున్నవ్? అవ్వకు పానం మంచిగ లేదని జెప్పలేదా?" అని నర్సవ్వ ఎంతో ఆందోళనతో, బాధతో అడిగింది. ఆమె కళ్లలో ఆ ఆందోళన స్పష్టంగా కనిపించింది.

ఒక ఎడిటర్ దీన్ని ఇలా దిద్దుతారు:

"ఏమ్మా, చీకటిపడ్డాక ఎక్కడికి వెళ్తున్నావు? అవ్వకు ఒంట్లో బాగోలేదని చెప్పలేదా?" అని నర్సవ్వ ఎంతో ఆందోళనతో, బాధతో అడిగింది. ఆమె కళ్లలో ఆ ఆందోళన స్పష్టంగా కనిపించింది.

ఇంకొకరు ఇలా:

"ఏం బిడ్డా, పొద్దూకినంక ఎటు వోతున్నవ్? అవ్వకు పానం మంచిగ లేదని జెప్పలేదా?" నర్సవ్వ చెరిగేది ఆపింది.

మొదటి ఎడిటర్ తప్పు లేని చోట చెయ్యి పెట్టి, తప్పున్న చోటును వదిలేశారు. నర్సవ్వ గొంతు పోయింది. ఒకే ఆందోళనను మూడుసార్లు చెప్పిన కథనం అట్లాగే మిగిలింది. పైగా అక్కడ 'అవ్వ' అంటే అమ్మ అని ఆ ఎడిటర్‌కు తెలియకపోతే, ఇంకో పేజీలో దాన్ని నానమ్మగా మార్చేసే ప్రమాదం కూడా ఉంది. రెండో ఎడిటర్ నర్సవ్వ మాటను ముట్టుకోలేదు. కథనంలో రెండు వాక్యాలు తీసి, చేట చేతిలో ఉన్న మనిషిని చూపించే చిన్న వాక్యం ఒకటి పెట్టారు.

కాబట్టి ఎడిటర్‌ను పేరు చూసి ఎంచుకోకండి, పది పేజీల నమూనా చూసి ఎంచుకోండి. సంభాషణలు ఎక్కువున్న ఐదు పేజీలు, కథనం ఎక్కువున్న ఐదు పేజీలు ఇద్దరికి ఇవ్వండి. ఆ పని ఉచితంగా అడగడం భావ్యం కాదు, పది పేజీలకు పైసలిచ్చే అడగండి. 'వచ్చిండు'ను 'వచ్చాడు'గా మార్చి పంపారంటే వాళ్లకు ఆ నవల ఇవ్వకండి. ఏమీ మార్చకుండా నాలుగు కామాలు పెట్టి పంపినా అంతే. యాసను గౌరవించడం అంటే దాన్ని ప్రశ్నించకపోవడం అని కొందరు అనుకుంటారు, అదీ నష్టమే. "ఈ మనిషి డిగ్రీ చదివి హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లున్నడు గదా, ఇట్ల మాట్లాడుతడా?" అని అడిగే ఎడిటర్ దొరికితే వదులుకోకండి.

యాస అనగానే తెలంగాణ అంతా ఒకటే అనుకునే అలవాటు బయటివాళ్లకే కాదు, మనకూ ఉంది. కరీంనగర్ వైపు 'అచ్చిండు', 'అత్తున్నడు' అనే వాడుక బలంగా ఉంటుంది. వరంగల్ వైపు 'ఒచ్చిండు' వినిపిస్తుంది. మంథని నుంచి వరంగల్‌కు కోడలుగా వచ్చిన మనిషి మాటలో ఆ తేడా మిగలాలి, అది నవలకు అందం. కానీ వరంగల్‌లోనే పుట్టి పెరిగిన ఒకే మనిషి ముప్పయ్యో పేజీలో 'ఒచ్చిండు' అని, తొంభయ్యో పేజీలో 'అచ్చిండు' అని అంటే అది రచయిత పరాకు. దీన్ని పట్టుకోగలిగేది ఆ నేల మీద పెరిగిన చెవి మాత్రమే. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఎంత పేరున్న ఎడిటర్ అయినా ఇక్కడ మీ మండలంలోని ఒక రిటైర్డు తెలుగు సారుకు సాటిరారు. ఆ సారుతో వాక్యం మొత్తం దిద్దించనక్కర్లేదు, సంభాషణలు గట్టిగా చదివించి వినండి. నాలుక తడబడిన చోటల్లా పెన్సిలు గీత పెట్టండి.

మరి కథనం ఏ భాషలో నడవాలి? సంభాషణ యాసలో, కథనం మామూలు రాత తెలుగులో ఉంచడం ఒక పద్ధతి. రెండూ యాసలోనే నడపడం ఇంకోటి. పాత్రే తన కథ చెప్పుకుంటుంటే రెండోది తప్ప వేరే దారి లేదు. బయటినుంచి ఎవరో చెప్తున్న కథ అయితే రెండూ సాధ్యమే. నా మటుకు నాకు కథనం కూడా యాసలో నడిచినప్పుడే ఊపిరి ఉన్నట్టు అనిపిస్తుంది, కానీ దాన్ని మూడు వందల పేజీలు నిలకడగా నడపడానికి ఓపిక కావాలి. మీరు ఏది ఎంచుకున్నా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అదే ఉండాలి. ఎక్కువ రాతప్రతుల్లో జరిగేది ఏమిటంటే, పదో పేజీలో కథనం 'నడిచాడు' అంటుంది, అరవయ్యో పేజీకి వేడెక్కి 'నడిచిండు' అంటుంది, మళ్లీ ఏదో సర్కారు ఆఫీసు సన్నివేశం రాగానే 'నడిచాడు'కు పోతుంది. దీన్ని పట్టుకోవడానికి ఫైలులో 'చాడు', 'చిండు', 'న్నాడు', 'న్నడు' అని విడివిడిగా వెతకండి. ఎక్కడ ఏది ఉందో కొద్దిసేపట్లో తెలిసిపోతుంది.

ఎడిటర్‌తో మాట్లాడుకునేటప్పుడు ఈ సంగతులు కాగితం మీద పెట్టుకోండి: కథ గురించి వివరంగా నోట్ రాసిస్తారా, వాక్యం వాక్యం దిద్దుతారా, ఎన్ని విడతలు చూస్తారు, మీరు ఒప్పుకోని మార్పును ఏం చేస్తారు. దిద్దుబాటు వర్డ్‌లో ట్రాక్ ఛేంజెస్‌తోనో, గూగుల్ డాక్స్‌లో సజెషన్ రూపంలోనో జరగాలి, ఏం మారిందో మీకు కనిపించాలి. అన్నీ కలిపేసి శుభ్రమైన ఫైలు పంపే మనిషికి పని ఇవ్వకండి. ప్రచురణకర్తే ఎడిటింగ్ చేయిస్తారని ఎదురుచూసేవాళ్లూ ఉన్నారు. కొన్ని సంస్థలు చేయిస్తాయి. చాలాచోట్ల అచ్చు ఖర్చూ రచయితదే, ఫైలు వచ్చింది వచ్చినట్టే ప్రెస్సుకు పోతుంది. ముందే అడిగి తెలుసుకోండి.

కాలం, పంట, వెన్నెల

కథలోని తేదీలు, పండుగలు, పంటలు నిజంతో పొసగుతున్నాయో లేదో చూసే పని ఎడిటర్లు సాధారణంగా చేయరు, ప్రూఫ్ రీడర్లు అసలే చేయరు. చదువరుల్లో మాత్రం ఎవరో ఒకరు తప్పకుండా పట్టుకుంటారు, అప్పటికి పుస్తకం అచ్చయి ఉంటుంది. అందుకే దీన్ని విడిగా ఒక విడత చేసుకోమంటాను.

మీ నవల 1978లో జరుగుతుంటే అందులో మండలం ఆఫీసు ఉండకూడదు. మండలాలు వచ్చింది 1985లో, అంతకుముందు తాలూకాలు, సమితులు. 1995 కథలో 'ములుగు జిల్లా' అనకూడదు, అది జిల్లా అయింది 2019 ఫిబ్రవరిలో. వరంగల్ అర్బన్ జిల్లా పేరు హనుమకొండ జిల్లాగా మారింది 2021 ఆగస్టులో. జీపు నంబరు ప్లేటు రాస్తే, 1990ల నుంచి తెలంగాణ వచ్చేదాకా రిజిస్టరైన వరంగల్ బండికి ఏపీ 36 ఉండాలి. రాష్ట్రం వచ్చాక రిజిస్టరైన బండికి టీఎస్, 2024 మార్చి తర్వాత రిజిస్టరైనదానికి టీజీ. వరంగల్‌లోని ఆజంజాహి బట్టల మిల్లు 1934లో మొదలై 2002లో మూతపడింది. 2006లో జరిగే సన్నివేశంలో మిల్లు కూత వినిపించకూడదు.

పండుగల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. మేడారం జాతర రెండేళ్లకోసారి, మాఘ పౌర్ణమి వేళ. 2020, 2022, 2024 అట్లా సరి సంవత్సరాల్లో వస్తుంది. కథలో 2013 జాతర పెట్టారంటే ఒక్క వాక్యంతో నమ్మకం పోతుంది. ఎంగిలిపూల బతుకమ్మ నాడు అమావాస్య. ఆ రాత్రి ఆడవాళ్ల ముఖాల మీద వెన్నెల పడుతున్నట్టు రాయడం ఎంతో సహజంగా అనిపిస్తుంది, అందుకే ఆ తప్పు కలం నుంచి జారిపోతుంది. చివరి రోజు సద్దుల బతుకమ్మ నాటికి సగం చంద్రుడు ఉంటాడు, వెన్నెల అక్కడికి జరపండి. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు కొత్త పత్తి దసరా దాటాక వస్తుంది, కొత్త మిర్చి శివరాత్రి ముందూ వెనకా జోరు మీద ఉంటుంది. జూలైలో కొత్త మిర్చి బస్తాలు దింపుతున్న సన్నివేశం ఉంటే, దాచుకున్న సరుకని ఒక మాట పెట్టండి, లేదంటే నెల మార్చండి.

దీనికి మంచి సాధనం ఒక పాత క్యాలెండరు, ఒక పెద్ద తెల్ల కాగితం. ఎడమవైపు సంవత్సరాలు, నెలలు రాయండి. పక్కన ఏ పాత్రకు ఎన్నేళ్లు, ఏ పంట నడుస్తోంది, ఏ పండుగ వస్తోంది రాయండి. గర్భం పదకొండు నెలలు సాగడం, పదోతరగతి పిల్లవాడు మరుసటి ఏడాదే డిగ్రీలో చేరడం లాంటివి అక్కడే దొరుకుతాయి. ఎక్సెల్‌లో చేసుకున్నా తప్పులేదు గానీ, గోడకు అంటించిన కాగితం రోజూ కంట్లో పడుతుంది.

యంత్రాలను ఎంతవరకు నమ్మాలి

తెలుగులో స్పెల్‌చెక్ ఇంకా నమ్మదగినట్టు లేదు. సంధి కలిసిన మాటకూ, విభక్తి చేరిన మాటకూ, యాస మాటకూ ఎర్రగీత పెడుతుంది. మీ నవల మొత్తం ఎర్రబడుతుంది. అది ఆపేసి, వెతికే సౌకర్యాన్ని మాత్రం బాగా వాడుకోండి.

గట్టిగా చదివి వినిపించే సౌకర్యం ఫోన్లోనూ వర్డ్‌లోనూ ఉంది, తెలుగు గొంతులు ఉన్నాయి. భావం లేకుండా, ఒకే తీరున చదువుతుంది. ఆ లోపమే మనకు లాభం. మీరు చదువుకుంటే మీ గొంతు వాక్యానికి లేని అందాన్ని ఇస్తుంది, యంత్రం ఇవ్వదు. ఒకే పేరాలో నాలుగుసార్లు వచ్చిన 'ఒక్కసారిగా', వరసగా పడిన 'అన్నాడు'లు చెవికి కొట్టినట్టు వినిపిస్తాయి.

చాట్‌జీపీటీ, జెమినీ లాంటివాటిని వాక్యం దిద్దమని అడగకండి. అవి యాసను పత్రికల తెలుగులోకి దించేస్తాయి, నర్సవ్వ మాట న్యూస్ రీడర్ మాటవుతుంది. అధ్యాయాల వరస ఇచ్చి "ఇందులో తేదీలు ఎక్కడ పొసగడం లేదు?" అని అడగడం వరకు వాడొచ్చు. వచ్చిన జవాబును మీ కాగితంతో సరిచూసుకోవాలి, లేనిది ఉన్నట్టు చెప్పడం వాటికి మామూలే. అచ్చుకాని నవల మొత్తాన్ని ఎవరి సర్వర్ల మీదకో ఎక్కించడం ఇష్టమేనా అన్నది కూడా మీరే తేల్చుకోవాలి.

యూనికోడా, అనునా, ప్రూఫులు ఎప్పుడు

ఇక్కడ సందేహం లేదు. దిద్దుబాటంతా యూనికోడ్‌లోనే, అంటే ఫోన్లో, వాట్సాప్‌లో మామూలుగా కనిపించే తెలుగులోనే జరగాలి. మన ఊళ్లలో డీటీపీ చేసేవాళ్లు చాలామంది ఇప్పటికీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పనిచేస్తారు. చేయి తిరిగినవాళ్లు, పేజీ అందంగా పెడతారు. కానీ అను ఫైలులో మామూలుగా వెతకలేరు, ట్రాక్ ఛేంజెస్ పెట్టలేరు, ఫోన్లో తెరవలేరు. కథ, భాష రెండు విడతలూ అయ్యాకే ఫైలు డీటీపీకి ఇవ్వండి. ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ ఫాంట్లతోనే పేజీలు పెట్టేవాళ్లు దొరికితే ఇంకా మంచిది. మండలి, సూరన్న లాంటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి.

అనులోకి మార్చక తప్పకపోతే, మార్చిన తర్వాత మొత్తం మళ్లీ చదవాలి. వత్తులు, ముఖ్యంగా ర వత్తు, మూడు హల్లులు కలిసే అక్షరాలు, కొటేషన్ గుర్తులు తారుమారవుతాయి. ఇంకో చిక్కు కంటికి కనిపించదు. 'బస్‌లో' అని రాసేటప్పుడు పొల్లు విడిగా నిలవడానికి మధ్యలో ఒక కనిపించని గుర్తు పడుతుంది. అది పడని చోట 'బస్లో' అని ల వత్తు వస్తుంది. ఒకటి వెతికితే రెండోది దొరకదు, రెండూ విడివిడిగా వెతకాలి.

ప్రూఫ్ రీడర్‌కు ఏ ఊరివాళ్లైనా ఫర్వాలేదు, మీరు ఒక మాటల పట్టీ ఇస్తే. హనుమకొండనా, హన్మకొండనా, కొమురవ్వనా, కొమ్రవ్వనా, 'ఎట్ల'నా, 'ఎట్లా'నా, మీరు ఎంచుకున్నది పట్టీలో రాసి, "వీటిని ముట్టుకోకండి" అని పైన పెట్టండి. ఆ పట్టీ లేకుండా ప్రూఫులకు ఇస్తే, యాస తెలియని ప్రూఫ్ రీడర్ మంచి మనసుతోనే మీ నవలను 'సరిచేసి' పెడతారు. ఈ పనికి స్నేహితులను అడగకండి. కథ తెలిసిన కళ్లు అక్షరాలను దాటిపోతాయి.

పేజీలు పెట్టాక కథ మార్చడం ఖరీదైన పని. డెమ్మీ 1/8 సైజులో ఫారానికి, అంటే ఒకే కాగితం మీద కలిపి అచ్చేసి మడతపెట్టే కట్టకు, 16 పేజీలు. 208 పేజీల నవల సరిగ్గా 13 ఫారాలు. చివరి నిమిషంలో ఒక సన్నివేశం చేర్చి 213 పేజీలైతే, ఆ ఐదు పేజీల కోసం ఇంకో సగం ఫారం కావాలి. కాగితం, ప్లేటు, బైండింగ్ అన్నీ కదులుతాయి.

మీ పరిస్థితికి ఏది

పైసలు తక్కువ, సమయం ఉంది అంటే ఎడిటర్‌ను వదిలేయండి. ఇద్దరు బయటి చదువరులు, యాస వినే ఒక పెద్దమనిషి, మీ సొంత తిరగరాత. ఉన్న డబ్బంతా ప్రూఫుల మీద పెట్టండి. పైసలున్నాయి, ఉద్యోగం వల్ల తీరిక లేదంటే, కథ గురించి నోట్ రాసిచ్చే ఎడిటర్‌కు డబ్బు పెట్టండి, వాక్యాలు దిద్దే ఎడిటర్‌కు కాదు. వాక్యం మీదే, దాన్ని మీరే దిద్దుకోవాలి. మొదటి నవల అయితే ఎడిటర్ లేకున్నా నడుస్తుంది, చదువరులు లేకుండా మాత్రం వెళ్లకండి. రెండు మూడు నవలలు వచ్చి పేరున్నవాళ్లకు నా మాట అటుది ఇటు: మీకు నిజం చెప్పే చదువరులు ఇక దొరకరు, అందుకు డబ్బిచ్చే మనిషే కావాలి.

పైసలూ లేవు, తీరికా లేదు, డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కు పుస్తకం ఉండాలి అంటే, ఆ ఏడాది వదిలేయమని చెప్తాను. బుక్ ఫెయిర్ మళ్లీ వస్తుంది. దిద్దని నవల ఒకసారి అచ్చయితే చాలా ఏళ్లు మీ పేరు మీద అట్లాగే తిరుగుతుంది, రెండో ముద్రణ వచ్చేదాకా మార్చే అవకాశం రాదు.

ఆ రెండో ముద్రణ కోసమే ఇంకొక పని. ప్రెస్సుకు పోయాక డీటీపీ ఆపరేటర్ దగ్గర నుంచి చివరి ఫైలు, పీడీఎఫ్ రెండూ పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి. ఆఖరి ప్రూఫులో చేత్తో చేసిన దిద్దుబాట్లు ఆ ఫైలులోనే ఉంటాయి, మీ కంప్యూటర్‌లోని యూనికోడ్ ప్రతిలో ఉండవు. వాటిని మీ ప్రతిలోకి కూడా అదే వారంలో ఎక్కించుకోండి. షాపు మూసేసినా, కంప్యూటర్ పాడైనా అప్పుడు ఇబ్బంది ఉండదు.